సెకండ్‌హ్యాండ్ 20 టన్నుల ఎస్కవేటర్: వేడెక్కాక కమ్యూనికేషన్ ఎర్రర్, రేసు పడిపోతోంది. కంట్రోలర్ మార్చాలా, వైరింగ్ చూడాలా?

రణస్థలం గ్రావెల్:

అందరికీ నమస్కారం. 2014 మోడల్ 20 టన్నుల ఎస్కవేటర్, కామన్ రైల్ ఇంజిను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఇంతకుముందు క్వారీలో రాక్ బ్రేకర్ మీద నడిచింది, ఇప్పుడు గ్రావెల్ లోడింగ్‌లో ఉంది.

కంప్లైంటు ఇది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఇంజిను బాగా వేడెక్కి లోడింగ్ జోరుగా సాగుతుండగా మానిటర్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తుంది, రేసు ఒక్కసారిగా ఐడ్లింగ్‌కి పడిపోతుంది. డయల్ తిప్పినా లేవదు. టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ గేజీలు ఖాళీ అయిపోతాయి. బూమ్, స్వింగ్ కదులుతాయి గానీ నిండు బకెట్ ఎత్తలేదు. తాళం ఆపి కాసేపాగి మళ్లీ సెల్ఫ్ కొడితే మామూలైపోతుంది. వేడెక్కాక మళ్లీ అదే తంతు.

హిస్టరీ తీస్తే మానిటరూ, పంపు కంట్రోలరూ రెండూ ఇంజిన్ కంట్రోలర్‌తో (ఇంజినుని నడిపే కంప్యూటర్ పెట్టె) సంబంధం తెగిందనే చూపిస్తున్నాయి. ఇంజిను వైపు స్కానర్ పెడితే ఎస్‌పీఎన్ 639, ఎఫ్‌ఎంఐ 9 అనే ఫాల్ట్ కోడ్ వచ్చింది. ఎలక్ట్రీషియన్ చూసి ఇంజిన్ కంట్రోలర్ పోయింది, పాతది ఒకటి తెచ్చి వేసి చూద్దాం అంటున్నాడు. డిజిటల్ మీటర్ ఉంది, స్కోప్ (సిగ్నల్ అలని తెర మీద చూపించేది) లేదు. కంట్రోలర్‌కి డబ్బు పెట్టే ముందు ఏమేం చూడాలి, ఏ వరుసలో చూడాలి?

టెక్కలి ఆటో ఎలక్ట్రికల్:

కంట్రోలర్ జోలికి ఇప్పుడే పోకండి. మీరు రాసిన కోడ్‌లలోనే సగం జవాబు ఉంది. 639 అంటే జె1939 లైను, అంటే కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను; ఎఫ్‌ఎంఐ 9 అంటే రావలసిన మెసేజీ రావలసిన టైముకి రాలేదని. ఫలానా వస్తువు పోయిందని ఆ కోడ్ ఎప్పుడూ చెప్పదు. ఎవరి మాట ఎవరికి అందలేదో అంతవరకే చెబుతుంది.

అందుకే ముందుగా ఎవరు ఎవరి మీద కంప్లైంటు ఇస్తున్నారో కాగితం మీద రాసుకోవాలి. మిగతా అన్నీ ఒక్కదాని పేరే చెబితే ఆ ఒక్కదాని కరెంటు, ఎర్త్, లేదా దాని దాకా వెళ్లే వైర్లు అనుమానించాలి. అన్నీ అన్నిటి మీదా చెబితే మెయిన్ లైను షార్ట్ అయినట్టో, చివరి రెసిస్టర్లు పోయినట్టో. మానిటర్ ఒక్కటే అందరి మీదా చెబితే లోపం మానిటర్ కొమ్మలోనే ఉంటుంది. మీ కేసులో వేళ్లన్నీ ఇంజిన్ కంట్రోలర్ వైపే చూపిస్తున్నాయి. కానీ అది ఆ పెట్టె తప్పా, పెట్టె దాకా వెళ్లే దారి తప్పా అన్నది మీటరే తేల్చాలి.

క్యాన్ లైను అంటే ఒకదానికొకటి మెలేసిన రెండు వైర్లు, హై ఒకటి, లో ఒకటి. జె1939 రంగులు పాటించిన బండిలో హై పసుపు, లో ఆకుపచ్చ. లైను రెండు కొసల్లో ఒక్కో 120 ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. కొన్ని బండ్లలో అది కంట్రోలర్ లోపలే ఉంటుంది, కొన్నిటిలో 3 పిన్నుల చిన్న ప్లగ్గులా విడిగా వేలాడుతుంది. రెండూ కలిసి 60 ఓమ్ చూపించాలి.

తాళం ఆపి, మాస్టర్ స్విచ్ ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, క్యాబిన్‌లో డయాగ్నస్టిక్ కప్లర్ (స్కానర్ తగిలించే సాకెట్) దగ్గర హైకీ లోకీ మధ్య ఓమ్స్ చూడండి. కరెంటు మిగిలి ఉంటే మీటర్ తప్పు చూపిస్తుంది. ప్రోబులు తారుమారు చేస్తే అంకె మారుతోందంటే లైను ఇంకా చావలేదని అర్థం. గుండ్రటి 9 పిన్నుల కప్లర్ అయితే జె1939 ప్రకారం ఏ ఎర్త్, బి బ్యాటరీ ప్లస్, సి క్యాన్ హై, డి క్యాన్ లో. కొన్ని కంపెనీలు అదే ఆకారం కప్లర్‌లో పిన్నులు వేరేగా వాడతాయి, పైగా చాలా బండ్లలో క్యాన్ లైన్లు రెండు మూడు ఉంటాయి. మీ మోడల్ సర్క్యూట్ డయాగ్రమ్ చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు.

60కి అటూ ఇటూ వస్తే బాగున్నట్టు. 120 వస్తే ఒక రెసిస్టర్ లైను నుంచి తెగిపోయింది. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ కలిపారు. సున్నా దగ్గర ఉంటే హై, లో ఒకదానికొకటి తగులుతున్నాయి. అప్పుడు మీటర్ పెట్టే ఉంచి కంట్రోలర్లను ఒక్కొక్కటే ఊడదీయండి. ఏది ఊడితే అంకె పైకి లేస్తుందో దోషం అక్కడే. ఏది తీసినా లేవకపోతే షార్ట్ వైరింగ్‌లో ఉంది.

తర్వాత తాళం ఆన్ చేసి, ఇంజిను స్టార్ట్ చేయకుండా, ఒక్కో వైరుకీ ఎర్త్‌కీ మధ్య డీసీ వోల్టులు. హై 2.6 నుంచి 2.8, లో 2.2 నుంచి 2.4 మధ్య కనిపించాలి, రెండూ కలిపితే 5కి దగ్గరగా రావాలి. అసలు సిగ్నల్‌లో హై 3.5కి లేస్తుంది, లో 1.5కి దిగుతుంది. అంత వేగాన్ని మీటర్ పట్టుకోలేదు కాబట్టి సరాసరి చూపిస్తుంది. ఏ వైరులోనైనా 24 కనిపిస్తే బ్యాటరీ లైనుకి తగులుతోంది. లో సున్నాకి దిగితే ఎర్త్‌కి తగులుతోంది. రెండిట్లోనూ ఒకే 2.5 వచ్చి కదలకుండా నిలబడితే అవి రెండూ అంటుకున్నాయి, లేదా ఎవరూ మాట్లాడటం లేదు.

చివరి మాట, మీ విషయంలో అసలైనది. ఇవన్నీ చల్లగా ఉన్నప్పుడు తీస్తే బండి బాగుందనే చెబుతాయి. ఎర్రర్ వచ్చిన మరుక్షణమే, వేడి తగ్గకముందే మళ్లీ తీయాలి. రెండు వరుసల అంకెలూ ఇక్కడ పెట్టండి.

బొబ్బిలి డీజిల్:

పై అన్నగారు చెప్పిన 60 ఓమ్ సంగతి సరే. కానీ నా లెక్కలో దానికంటే ముందు చూడాల్సింది ఇంజిన్ కంట్రోలర్‌కి వచ్చే కరెంటు. కంట్రోలర్‌కి సప్లై క్షణం తెగినా బయటికి కనిపించేది ఈ కోడే. చచ్చిన పెట్టె మాట్లాడదు కదా.

బ్యాటరీలు రెండూ విడివిడిగా చూడండి, ఒకటి 12.6, ఇంకొకటి 11.9 ఉంటే ఆ జత పనికిరాదు. ఇంజిను నడుస్తుండగా 27.5 నుంచి 28.5 రావాలి. మీటర్‌ని ఏసీకి తిప్పి బ్యాటరీ మీద పెడితే అర వోల్టు దాటకూడదు. దాటితే ఆల్టర్నేటర్ డయోడ్ పోయింది, ఆ అలలు క్యాన్ లైనులో గోల పెడతాయి.

కంట్రోలర్ కప్లర్ ఊడదీసి సప్లై పిన్ను దగ్గర 24 వచ్చిందని సంతోషించొద్దు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా ఖాళీగా 24 చూపిస్తుంది. 24 వోల్ట్ 21 వాట్ బల్బుకి రెండు వైర్లు కట్టి ఆ సప్లై, ఎర్త్ పిన్నుల మధ్య వెలిగించండి. సుమారు 0.9 ఆంపియర్ లాగుతుంది. 70 వాట్ హెడ్‌లైట్ బల్బు అయితే దాదాపు 3 ఆంపియర్లు, అది ఇంకా మంచి పరీక్ష. బల్బు వెలుగుతుండగా బ్యాటరీ మైనస్‌కీ, కంట్రోలర్ ఎర్త్ పిన్నుకీ మధ్య 0.1 వోల్టుకి మించి రాకూడదు. ప్లస్ వైపు కూడా ఫ్యూజూ మెయిన్ రిలే కలిపి అర వోల్టు పోతే వెతకాల్సిందే. బల్బు వైరుని కప్లర్ పిన్ను లోపలికి దూర్చేటప్పుడు అదే సైజు విడి పిన్ను వాడండి. మీటర్ ప్రోబు కుక్కితే ఆడపిన్ను వెడల్పై కొత్త లూజ్ కనెక్షన్ మీరే తయారుచేసినట్టు.

పాత కంట్రోలర్ తెచ్చి వేసి చూద్దాం అనే మాటకి నేను గట్టిగా అడ్డు. కామన్ రైల్ బండిలో ఒక్కో ఇంజెక్టర్‌కీ దాని కరెక్షన్ కోడ్ ఉంటుంది, అది కంట్రోలర్‌లో రాసి ఉంటుంది. వేరే ఇంజిను కంట్రోలర్ పెడితే ఆ కోడ్‌లూ, రేటింగూ అన్నీ వేరే బండివి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ ఎక్కించాలి. పార్ట్ నంబర్ ఒకటే అయినా లోపల ప్రోగ్రామ్ ఒకటే అని నమ్మకం లేదు. పైగా వైరింగ్‌లో 24 వోల్టుల షార్ట్ ఉంటే తెచ్చిన రెండోది కూడా కాలిపోతుంది.

గరివిడి మైన్స్ మెకానిక్:

బ్రేకర్ మీద నడిచిన బండి అన్నారు కాబట్టి వైరింగ్ ఎక్కడ చెడుతుందో చెబుతాను. ఎస్కవేటర్‌లో ఇంజిను, పంపు, క్యాబిన్ మూడూ పైభాగంలోనే ఉంటాయి. ట్రాక్ బండిలో క్యాన్ లైను కిందికి దిగదు కాబట్టి సెంటర్ జాయింట్ (పైభాగం, ట్రాక్ భాగం మధ్య తిరిగే జాయింట్) వైపు చూడక్కర్లేదు. వెతకాల్సింది క్యాబిన్ నుంచి ఇంజిను దాకా ఉన్న దారి.

క్యాబిన్ అడుగున హార్నెస్ (వైర్ల కట్ట) బయటికొచ్చే రబ్బరు గ్రోమెట్ మొదటిది. బ్రేకర్ అదురుకి రబ్బరు అరిగి, రేకు అంచు వైర్ల తోలు కోస్తుంది. రెండోది పంపు గదికీ ఇంజినుకీ మధ్య గోడలో ఉండే పెద్ద కప్లర్. మూడోది సైలెన్సర్, టర్బో పక్కగా వెళ్లే చోటు. అక్కడ క్లాంపు విరిగితే హార్నెస్ వేడి భాగం మీద వాలి, తోలు గట్టిపడి పెళుసెక్కుతుంది. నాలుగోది ఇంజిన్ కంట్రోలర్ కప్లరే. అదురుకి పిన్నులు ఒకదాన్నొకటి రాసుకుని మీద నల్లటి పొర కడుతుంది, కంటికి శుభ్రంగానే ఉంటుంది.

మన వైపు బండ్లలో ఇంకో రెండు చూడాలి. మూలపేట, భోగాపురం లాంటి తీరం పనుల్లో ఉన్న మిషన్లలో ఉప్పుగాలికి కప్లర్ల లోపల పచ్చటి చిలుము పడుతుంది. మా గరివిడి, చీపురుపల్లి మాంగనీసు గనుల్లో నలిగిన వాటిలో సన్నటి నల్లదుమ్ము తడితో కలిసి పిన్నుల మధ్య పేరుకుంటుంది. కప్లర్ వెనక సీలు రబ్బరు లోపలికి కూరుకుపోయి ఉన్నా, వాడని రంధ్రంలో ప్లగ్గు లేకపోయినా ప్రెషర్ వాషింగ్ నీళ్లు నేరుగా లోపలికే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గాలి పట్టి, ఆరాక బిగించండి. ఉప్పు కాగితం పెట్టి పిన్నులు రుద్దకండి, పైపూత పోతుంది.

ఇంజిను ఐడ్లింగ్‌లో ఉంచి ఒకరు మానిటర్ చూస్తుండగా ఇంకొకరు హార్నెస్‌ని జానెడు జానెడు చొప్పున పట్టుకుని వంచుతూ, లాగుతూ వెళ్లాలి. ఫ్యాను, బెల్టు వైపు ఇంజిను నడుస్తుండగా చెయ్యి పెట్టొద్దు. ఆ భాగం ఆపాకే చూడాలి. వైరు ఎక్కడ తెగిందో తేలకపోతే తోలులోకి సూది గుచ్చి మీటర్ పెట్టి ముక్కముక్కగా చూసుకోవచ్చు.

టెక్కలి ఆటో ఎలక్ట్రికల్:

అన్నా, మిగతా అంతా ఒప్పుకుంటాను, సూది గుచ్చడం మాత్రం వద్దు. ఆ రంధ్రంలోంచి తడి లోపలికి పోయి రాగి నల్లబడుతుంది. వానాకాలం దాటేసరికి అక్కడే ఇంకో లోపం పుడుతుంది. కప్లర్ వెనక నుంచి సీలు పక్కగా సన్న ప్రోబు దూర్చి చూస్తే చాలు.

బొబ్బిలి వారు చెప్పిన బల్బు పరీక్ష తప్పకుండా చేయండి. ఓమ్ కంటే ముందా తర్వాతా అన్నది పెద్ద పట్టింపు కాదు, రెండూ అయ్యేదాకా కంట్రోలర్ మాట ఎత్తకపోతే చాలు.

రణస్థలం గ్రావెల్:

అందరికీ కృతజ్ఞతలు. రీడింగులు ఇవి.

చల్లగా: హై, లో మధ్య 60.4 ఓమ్. తాళం ఆన్‌లో హై 2.68, లో 2.33. బ్యాటరీలు 12.6, 12.5. నడుస్తుండగా 28.1, ఏసీలో 0.08. హెడ్‌లైట్ బల్బుతో ఎర్త్ వైపు డ్రాప్ 0.04, ప్లస్ వైపు 0.2.

ఎర్రర్ రాగానే ఆపి తీసినవి: 119 ఓమ్. అలాగే మీటర్ పట్టుకుని ఉంటే చల్లారుతున్నకొద్దీ అంకె ఊగి ఊగి మళ్లీ 60కి వచ్చేసింది. వేడిలోనే బల్బు పరీక్ష కూడా చేశాం, తేడా లేదు.

ఇప్పుడు ఇంజిన్ కంట్రోలర్ లోపలి రెసిస్టర్ వేడికి తెగుతోందా, వైరు తెగుతోందా? డయాగ్రమ్‌లో ఒక రెసిస్టర్ ఇంజిన్ కంట్రోలర్‌లోనే ఉంది, రెండోది క్యాబిన్ వెనక ప్లగ్గు రకం.

టెక్కలి ఆటో ఎలక్ట్రికల్:

చాలా శుభ్రంగా తీశారు. సప్లై, ఎర్త్, ఛార్జింగ్ అన్నీ పక్కకి పోయాయి. క్యాబిన్ రెసిస్టర్ మీరు మీటర్ పెట్టిన వైపే ఉంది కాబట్టి 119 చూపించేది అదే. వేడిలో కనబడకుండా పోతున్నది ఇంజిను వైపుది.

ఇక తేల్చడం ఒక్క పరీక్షే. ఈసారి ఎర్రర్ రాగానే మాస్టర్ స్విచ్ ఆపి, వేడి మీదే ఇంజిన్ కంట్రోలర్ కప్లర్ ఊడదీసి, హార్నెస్ వైపు హై, లో పిన్నుల మధ్య ఓమ్ చూడండి. అక్కడ 120 వస్తే క్యాబిన్ దాకా దారి బాగుంది, కంట్రోలర్ లోపలిదో, దాని పిన్నులో అనుమానించాలి. ఏమీ చూపించకుండా ఓపెన్ వస్తే వైరు మధ్యలో తెగుతోంది. వెంటనే కంట్రోలర్ పిన్నుల మధ్య కూడా చూడండి, 120 దగ్గర ఉంటే పెట్టె నిర్దోషి.

ఓపెన్ వస్తే ఏ వైరో తెలుసుకోవడానికి పొడుగు వైరు ఒకటి తీసుకుని డయాగ్నస్టిక్ కప్లర్ సి పిన్ను నుంచి కంట్రోలర్ హై పిన్నుకి, డి పిన్ను నుంచి లో పిన్నుకి విడివిడిగా కంటిన్యూటీ చూడండి. ఆ పొడుగు వైరు సొంత రెసిస్టెన్స్ తీసేశాక 1 ఓమ్ లోపు రావాలి. ఆ తర్వాత మధ్యలో ఉన్న పెద్ద కప్లర్ విడదీసి అటు సగం, ఇటు సగం చూస్తే ఏ సగంలో ఉందో తెలిసిపోతుంది. అప్పటిదాకా టేపు విప్పొద్దు.

రణస్థలం గ్రావెల్:

దొరికింది. హార్నెస్ వైపు ఓపెన్, కంట్రోలర్ పిన్నుల మధ్య 121. లో వైరే తెగుతోంది, గోడ కప్లర్‌కి ఇంజిను వైపు సగంలో. సైలెన్సర్ కింద టేపు ఉబ్బెత్తుగా ఉన్నచోట విప్పితే ఎవరో ముందే చేతితో మెలేసి టేపు చుట్టిన జాయింటు ఉంది. హై వైరు కూడా అలాగే అతికించారు. రాగి నల్లగా మారింది, తోలు వంచితే పెంకుల్లా రాలుతోంది. అక్కడ రెండు వైర్లూ దాదాపు అడుగు పొడవున మెలి లేకుండా విడివిడిగా ఉన్నాయి. రిపేరు ఎలా చేయమంటారు? టంకం వేస్తే సరిపోతుందా?

టెక్కలి ఆటో ఎలక్ట్రికల్:

ఆ చోట టంకం వద్దు. టంకం పాకినంత మేర వైరు కర్రలా బిగుసుకుపోయి, అదురుకి దాని అంచు దగ్గరే తెగుతుంది. పెళుసెక్కిన ముక్క మొత్తం కోసేయండి. రాగి ఎర్రగా మెరిసేదాకా, తోలు మెత్తగా వంగేదాకా వెనక్కి పోవాలి. సాధ్యమైతే గోడ కప్లర్ నుంచి కంట్రోలర్ కప్లర్ దాకా ఒకే ముక్క కొత్త జత వేయడం మేలు, మధ్యలో జాయింటే ఉండదు. పిన్నులకి సరైన క్రింపింగ్ టూలు వాడండి, కటింగ్ ప్లేయర్‌తో నొక్కొద్దు.

వైరు 0.75 చదరపు మి.మీ., వేడికి తట్టుకునే తోలు ఉన్నది. మామూలు హౌస్ వైరింగ్ తీగ పనికిరాదు. అంగుళానికి ఒక మెలి వచ్చేలా మెలేయండి. మెలి ఎందుకంటే బయటి గోల రెండు వైర్ల మీదా సమానంగా పడితే కంట్రోలర్ తేడా మాత్రమే చదువుతుంది కాబట్టి ఆ గోల కొట్టుకుపోతుంది. మీరు చూసిన అడుగు పొడవు విడి వైర్లు ఆల్టర్నేటర్ కేబుల్ పక్కన ఉంటే చాలు, వైరు తెగకపోయినా తప్పులు పుడతాయి. కప్లర్ దగ్గర మెలి విప్పేది రెండంగుళాలకి మించనివ్వొద్దు. షీల్డ్ తీగ ఉన్న బండి అయితే దాన్ని ఒక్కచోటే ఎర్త్ చేయాలి.

జాయింటు తప్పకపోతే క్రింప్ ట్యూబూ, దాని మీద లోపల జిగురు ఉండే హీట్ ష్రింకూ వాడండి. హై జాయింటూ లో జాయింటూ ఒకే చోట రానివ్వకుండా మూడు నాలుగు సెంటీమీటర్లు జరపండి.

గరివిడి మైన్స్ మెకానిక్:

అతికించడం ఎంత బాగా చేసినా ఆ హార్నెస్ సైలెన్సర్ మీదికి మళ్లీ వాలితే లాభం లేదు. విరిగిన క్లాంపు వెతికి రబ్బరు పూసిన పి క్లాంపు వేయండి, అడుగుకొకటి. వేడి వైపు ఫైబర్ గ్లాస్ స్లీవ్ తొడగండి. కంపెనీ పెట్టిన హీట్ షీల్డ్ రేకు పీకేశారేమో కూడా చూడండి, పాత బండ్లలో సైలెన్సర్ దింపినప్పుడు దాన్ని తిరిగి బిగించనివాళ్లే ఎక్కువ.

బకెట్ పళ్లకి వెల్డింగ్ పెట్టినప్పుడల్లా మాస్టర్ స్విచ్ ఆపి బ్యాటరీ మైనస్ తీయించండి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే ముక్క మీదే పెట్టించండి. క్లాంపు ట్రాక్ మీద, వెల్డింగ్ బకెట్ మీద అయితే ఆ కరెంటు పిన్నుల్లోంచీ స్వింగ్ బేరింగ్‌లోంచీ దారి వెతుక్కుంటుంది, కంట్రోలర్ల ఎర్త్‌లు కూడా దానికి దారే.

రణస్థలం గ్రావెల్:

కొత్త జత వేశాం. చల్లగా 60.2, వేడిలో 60.3. రోజంతా లోడింగ్ చేశాక కూడా కోడ్ లేదు. ఇంకొక్కటి అడగాలి. సీటు వెనక ప్యానెల్ తీస్తే పాత ఓనర్ కాలం నాటి జీపీఎస్ పెట్టె ఉంది. దాని రెండు వైర్లు మన క్యాన్ జతకే తోలు కోసే క్లిప్పులతో తగిలించారు, వైరు ఐదారు అడుగులుంది. ఇప్పుడు ఇబ్బంది లేదు కదా, వదిలేయనా?

టెక్కలి ఆటో ఎలక్ట్రికల్:

వదలొద్దు. జె1939 లైనులో ఇలాంటి కొమ్మ మీటరుకి మించకూడదని మామూలు నియమం, మీది దాదాపు రెండు మీటర్లుంది. ఆ క్లిప్పు వైరు తోలుని కోస్తుంది, పోగులు కొన్ని అక్కడే తెగి ఉంటాయి. బండి ఎక్కడుందో చెప్పడానికి జీపీఎస్‌కి కరెంటు, ఎర్త్, తాళం లైను చాలు. క్యాన్ వైర్లు ఫ్యూయెల్, రేసు, గంటలు చదవడానికే.

ఆ పెట్టె ఫైనాన్స్ వాళ్లు పెట్టించిందై ఉండొచ్చు కాబట్టి, పాత ఓనర్ ఫైనాన్స్ క్లియర్ అయిందో లేదో ముందు కాగితాల్లో చూసుకోండి, అయ్యుంటే మొత్తం తీసేయొచ్చు. కాకపోతే ఫైనాన్స్ వాళ్లకి చెప్పాకే ముట్టుకోండి, క్యాన్ వైర్లు రెండూ విప్పించండి. క్లిప్పు ఉన్న చోట వైరు కోసి, పైన చెప్పినట్టే క్రింప్ చేసి మెలేయండి. ఆ తర్వాత 60 మళ్లీ చూసుకుని, హిస్టరీ కోడ్‌లు ఫోటో తీసుకున్నాకే క్లియర్ చేయండి.